దాచుకున్న పేరు, చాటుకున్న విశ్వాసం: కడప జిల్లా క్రైస్తవ యువత పౌరభాష - సాహిత్య విమర్శ

వ్యాససంగ్రహం:

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల క్రైస్తవ యువత సంఘంలో సభానిర్వహణ నేర్చుకుంటారు. ఎన్నికలు, లెక్కలు, ప్రసంగం అక్కడే అలవాటవుతాయి. బయటి రాజకీయంలో మాత్రం వారిలో ఎక్కువమంది ఒక కుటుంబం పట్ల, ఒక నాయకుడి పట్ల విధేయతగా కనిపించే సంప్రదాయ వైఖరిలో నిలుస్తారు. దీన్ని గుడ్డి భక్తిగా కొట్టివేయడం సులభం. దళిత క్రైస్తవ యువతకు చట్టంలో తమ విశ్వాసాన్ని చెప్పుకునే అవకాశం లేకపోవడమే ఈ విధేయతకు ఒక ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జాషువ ‘గబ్బిలం’, కల్యాణరావు ‘అంటరాని వసంతం’, ఎం.ఎం. వినోదిని కథ, వై.ఎస్. విజయమ్మ ‘నాలో నాతో వైఎస్సార్’ రచనలనూ, తెలుగు బైబిలులోని కొన్ని పదాలనూ ఈ దృష్టితో పరిశీలించడం వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: కడప జిల్లా, క్రైస్తవ యువత, పౌరభాష, దళిత క్రైస్తవులు, కులధ్రువీకరణ, గబ్బిలం, ఏకగ్రీవం, సంప్రదాయవాదం.

1. ఉపోద్ఘాతం:

డిగ్రీ తరగతిలో ‘గబ్బిలం’ పాఠం చెబుతున్న రోజున జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే విద్యార్థి ఒకరు లేచి, “జాషువ క్రైస్తవుడు కదా సార్, శివునికెందుకు కబురు పంపినాడు?” అని అడిగాడు. కవిసమయం, మేఘసందేశ సంప్రదాయం, తంజావూరు నేపథ్యం అంటూ నాకు తెలిసిన సమాధానమే చెప్పాను. అతడు కూర్చున్నాడు గాని తృప్తిపడలేదు. కొంతకాలం తరువాత ఉపకారవేతనం దరఖాస్తు మీద సంతకం కోసం అతడే నా దగ్గరికి వచ్చాడు. తరగతిలో నేను పిలిచే పేరు ఒకటి, దరఖాస్తులోని పేరు మరొకటి. మతం అన్న గడిలో ‘హిందూ’ అని ఉంది. మెడలో చిన్న శిలువ ఉంది. అతడు తరగతిలో అడిగిన ప్రశ్నకు సమాధానం అతని దరఖాస్తులోనే ఉందని నాకు అప్పుడు అర్థమయింది.

తమ గోడు వినిపించుకోవడానికి, వినే అధికారం ఎవరిదో వారి భాషలోనే మాట్లాడవలసిరావడం జాషువ కాలంలో ఒక కవితాశిల్పమయింది. నేటి విద్యార్థికి అది ఒక ధ్రువపత్రమయింది. ఈ రెండింటికీ మధ్య ఉన్న సంబంధమే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

2. పరిధి, పరిభాష:

‘సంప్రదాయవాద రాజకీయం’ అన్న మాటను ఇక్కడ స్థానికార్థంలో వాడుతున్నాను. అమెరికాలో 1979లో జెర్రీ ఫాల్వెల్ స్థాపించిన మోరల్ మెజారిటీ వంటి ఉద్యమాలు కుటుంబనీతి, గర్భస్రావం, పాఠశాలల్లో ప్రార్థన వంటి అంశాల మీద క్రైస్తవ ఓటర్లను కూడగట్టాయి. కడప జిల్లాలో అటువంటి అంశాల పట్టిక ఏదీ లేదు. ఇక్కడ సంప్రదాయవాదమంటే వంశం పట్ల విధేయత, ఊరిపెద్ద మాటకు కట్టుబడడం, ఇచ్చిన మాటను విధానం కన్న మిన్నగా చూడడం, వ్యతిరేకతను అవిశ్వాసంగా భావించడం. ఇవి ఏ ఒక్క మతానికీ సొంతం కావు. రాయలసీమ గ్రామ రాజకీయాల్లో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ వీటిలో భాగస్వాములే. క్రైస్తవ యువత విషయంలో వీటికి తోడయ్యే ప్రత్యేకకారణం ఏమిటన్నదే ప్రశ్న.

ఈ వ్యాసం ఓట్ల లెక్కను గాని, ఒక పార్టీ తప్పొప్పులను గాని విచారించదు. రచనల్లోనూ, వాడుకలోనూ ఉన్న మాటలే దీని ఆధారాలు.

3. సంఘం నేర్పిన పౌరవిద్య:

లండన్ మిషనరీ సొసైటీ కడపలో 1822లో పని ప్రారంభించింది. 19వ శతాబ్దపు రెండవ సగంలో ఈ ప్రాంతపు మాల కుటుంబాలు అనేకం సామూహికంగా క్రైస్తవంలోకి వచ్చాయి. జమ్మలమడుగులో వైద్య మిషనరీ డాక్టర్ కాంప్‌బెల్ పేరుతో వెలసిన ఆసుపత్రి మూడు తాలూకాల ప్రజలకు పెద్దాసుపత్రి అయింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ సంఘాలు అందులో చేరాయి. రాయలసీమ అధ్యక్షమండలానికి కడప కేంద్రమయింది.

లండన్ మిషన్ సంప్రదాయానికి ఒక ప్రత్యేకత ఉంది. అందులో స్థానిక సంఘమే నిర్ణయాధికారం గలది. పెద్దలను సభ్యులు ఎన్నుకుంటారు, లెక్కలు సభ ముందు చదువుతారు. 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ ప్రారంభించిన క్రిస్టియన్ ఎండీవర్ ఉద్యమం కూడా ఈ మిషన్ సంఘాల్లో వ్యాపించి, యువతకు కార్యవర్గాలూ, ఉపసంఘాలూ, ప్రతిజ్ఞలూ అలవాటు చేసింది. ఊరి రచ్చబండ మీద కూర్చునే హక్కు లేని కుటుంబంలోని పిల్లవాడు సంఘంలో కార్యదర్శి అయ్యాడు. మినిట్సు రాశాడు, చందాకు రసీదు ఇచ్చాడు. పదిమంది ముందు నిలబడి మాట్లాడాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పాడుతూ తాళజ్ఞానంతో పాటు సామూహిక స్వరాన్ని కూడా నేర్చుకున్నాడు.

అంటే ఈ యువతకు పౌరవిద్య లోపించిందనడం సరికాదు. గ్రామసభ జరగవలసిన తీరు వారికి గ్రామసభ కన్న ముందే తెలుసు. అయినా ఆ విద్య చర్చి ప్రహరీ దాటి ఎందుకు రాలేకపోయింది?

4. వేదిక మీది మాటలు:

ఈ ప్రశ్నకు మొదటి సమాధానం పదజాలంలో దొరుకుతుంది. క్రైస్తవ యువత ప్రతి ఆదివారం వినే మాటల్లో రాజకీయార్థం గలవి చాలా ఉన్నాయి: సంఘం, రాజ్యం, సాక్ష్యం, సేవ, కాపరి, మంద, వాగ్దానం. ఇవే మాటలు ఎన్నికల వేదిక మీదకూడా వినిపిస్తాయి. కొత్త సంవత్సరపు ఆరాధనలో ప్రతి కుటుంబానికీ ఆ ఏటి ‘వాగ్దానం’ అందుతుంది. దాన్ని కార్డు మీద ముద్రించి గోడకు పెట్టుకుంటారు. ఆ వాగ్దానానికి గడువు ఉండదు, దాన్ని ఇచ్చినవాడిని లెక్క అడగడం ఉండదు. నమ్మడమే ఉంటుంది. ఎన్నికల వాగ్దానం అటువంటిది కాదు. దానికి గడువు ఉంటుంది, ఖర్చు ఉంటుంది, నెరవేరకపోతే అడిగే హక్కు ఉంటుంది. ఒకే మాట రెండుచోట్లా వినిపించినప్పుడు మొదటి అర్థపు పవిత్రత రెండవ అర్థానికి అంటుకుంటుంది. మాట తప్పకపోవడాన్ని పరమగుణంగా చాటే ప్రాంతీయ రాజకీయ పరిభాష ఈ యువతకు ఎందుకు అంత సులభంగా దగ్గరయిందో ఇక్కడ కొంత తెలుస్తుంది. ‘రాజన్న రాజ్యం’ అన్న ప్రయోగం ‘దేవుని రాజ్యం’ అన్న మాటకు అలవాటుపడిన చెవికి మరింత చనువుగా వినిపిస్తుంది. ఆ మాటను సృష్టించినవారు అలా ఉద్దేశించారని నా వాదన కాదు. వినేవారి అనుభవం ఎలా ఉంటుందన్నదే ఇక్కడ ముఖ్యం.

మతం పేరుతో ఓట్లడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను ప్రకారం అక్రమం. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అభిరామ్ సింగ్ కేసులో దీన్ని మరింత విస్తృతంగా వ్యాఖ్యానించింది. అయితే చట్టం అభ్యర్థనను నిషేధించగలదు గాని పదాల ప్రతిధ్వనిని నిషేధించలేదు. ఆ పని విమర్శకే చెందుతుంది.

తెలుగు బైబిలులో ‘పౌరస్థితి’ అన్న మాట ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో (3:20) వస్తుంది. విశ్వాసి పౌరస్థితి పరలోకానికి చెందినదని అక్కడి భావం. రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం పై అధికారులకు లోబడమంటుంది. ఈ రెండు భాగాలనూ కలిపి బోధిస్తే, ఈ లోకపు రాజకీయం మనది కాదు, కనుక ఉన్న అధికారానికి లోబడడమే మంచిదన్న నిర్ణయానికి యువత వస్తుంది. కాని అదే బైబిలులో అపొస్తలుల కార్యాలు 22వ అధ్యాయంలో పౌలు కొరడాదెబ్బలు పడబోయే క్షణంలో తన రోమా ‘పౌరత్వాన్ని’ గుర్తుచేసి, విచారణ లేకుండా శిక్షించడం న్యాయమా అని శతాధిపతిని నిలదీస్తాడు. యిర్మీయా ప్రవక్త చెరలో ఉన్నవారిని తాము నివసించే పట్టణ క్షేమాన్ని వెదకమంటాడు. పరలోకపు పౌరస్థితి గురించి రాసినవాడే భూలోకపు పౌరత్వాన్ని వదులుకోలేదన్న సంగతి ముఖ్యం. ‘పౌరస్థితి’ని ఉపదేశించి ‘పౌరత్వాన్ని’ వదిలివేయడం గ్రంథం చేసిన పని కాదు, ఎంపిక చేసిన పని.

ఇక ఎన్నికల పదజాలంలోని ‘ఏకగ్రీవం’ అన్న మాటను చూద్దాం. ఏకగ్రీవమంటే ఒకే కంఠం. 2021 మార్చిలో జరిగిన పురపాలక ఎన్నికల్లో పులివెందుల పురపాలికలోని 33 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. పోటీ లేకపోవడాన్ని ఐకమత్యంగా గౌరవించే భాష ఇది. సంఘంలో వినిపించే ‘ఏకమనస్సు’ అన్న మాట దీనికి దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది. కాని రెండూ ఒకటి కావు. అపొస్తలుల కార్యాల్లో ఏకమనస్సుతో ఉన్న సంఘమే 15వ అధ్యాయంలో తీవ్రంగా వాదించుకుని, ఆ తరువాతే నిర్ణయానికి వస్తుంది. వాదం ముగిసిన తరువాత వచ్చేది ఏకమనస్సు. వాదం మొదలు కాకుండా ఆపేది ఏకగ్రీవం. సంఘంలో పెద్దల ఎన్నికకు పోటీపడే యువకుడు తన వార్డు ఏకగ్రీవమైతే ప్రశ్నించడు. ఒకచోట వాదించగలిగినవాడు మరొకచోట మౌనంగా ఉండడానికి మాటల సామ్యం ఒక్కటే కారణమనడం చాలదు. అసలు కారణం కోసం ధ్రువపత్రం దగ్గరికి వెళ్ళాలి.

5. రెండు పేర్ల జీవితం:

1950నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు 3వ పేరా హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులకు, ముస్లిములకు ఆ గుర్తింపు లేదు. తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు వెనుకబడిన తరగతుల్లో ‘సి’ విభాగంగా ఒక శాతం రిజర్వేషను పొందుతున్నారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ 3వ పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. 2022లో కేంద్రప్రభుత్వం ఈ అంశం మీద జస్టిస్ బాలకృష్ణన్ కమిషనును నియమించింది. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, రిజర్వేషను కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని వంచించడమేనంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రైస్తవంలోకి మారినవారికి అత్యాచార నిరోధక చట్టపు రక్షణ వర్తించదని తీర్పునిచ్చింది.

ఈ చట్టచరిత్రను ఒక సంఘంలోని రెండు బల్లల మీద పెట్టి చూడాలి. ముందుబల్ల మీద రెడ్డి క్రైస్తవ కుటుంబం, వెనుకబల్ల మీద మాల, మాదిగ క్రైస్తవ కుటుంబం ఉన్నాయనుకుందాం. ఇద్దరూ పాడే కీర్తన ఒక్కటే. రెడ్డి కుటుంబం క్రైస్తవం స్వీకరించినందువల్ల చట్టంలో కోల్పోయింది ఏమీ లేదు. దాని భూమి, పేరుచివరి కులం, పోటీచేసే స్థానం అలాగే ఉంటాయి. దళిత కుటుంబం అదే పని చేస్తే షెడ్యూల్డు కులాలకు కేటాయించిన సర్పంచి పదవి, వార్డు సభ్యత్వం, ఉద్యోగం, చివరకు దెబ్బలు తిన్నప్పుడు పెట్టవలసిన కేసు కూడా ప్రశ్నార్థకమవుతాయి. ఒకే బాప్తిస్మానికి రెండు పౌరఫలితాలు.

జిల్లాలో షెడ్యూల్డు కులాలకు కేటాయించిన శాసనసభా స్థానం బద్వేలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ జనరల్ స్థానాలే. ఈ మూడుచోట్లా దళిత యువతకు అధికారంలోకి వెళ్ళే దారి స్థానికసంస్థల రిజర్వుడు స్థానాల గుండానే ఉంది. ఆ దారి మొదట్లోనే తన విశ్వాసాన్ని దాచుకోవలసి వస్తుంది. పౌరరంగంలోకి రావాలంటే తనను తాను కొంత చెరిపివేసుకోవాలి. అలా చెరిపివేసుకుని వచ్చినవాడు ఎవరినీ గట్టిగా నిలదీయలేడు. ఊళ్ళో ఎవరికి కోపం వచ్చినా అతడి ధ్రువపత్రం మీద ఒక ఫిర్యాదు చాలు. ప్రశ్నించకపోవడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కరలేదు.

ఈ స్థితిలో ఒక నాయకుని కుటుంబం తన క్రైస్తవాన్ని దాచుకోకుండా బహిరంగంగా జీవించడం యువతకు ఏమవుతుందో ఊహించవచ్చు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం వైద్యునిగా పనిచేసి, 1978లో పులివెందుల నుంచి తొలిసారి శాసనసభకు ఎన్నికై, 2004లో ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి జీవితం వారికి దగ్గరిది. విజయమ్మ చేతిలో బైబిలుతో బహిరంగ సభల్లో కనిపించడం రాష్ట్రమంతా చూసింది. తాను పత్రంలో రాయలేని మాటను మరొకరు వేదిక మీద చేతబట్టుకుని నిలబడ్డారు. దీన్ని నేను ‘ప్రతినిధి విశ్వాసం’ అంటున్నాను. ఓటు ద్వారా పాలనకు ప్రతినిధిని ఎన్నుకున్నట్టే, దాచుకోవలసివచ్చిన గుర్తింపుకు కూడా ఒక ప్రతినిధి దొరికాడన్న భావన ఇది. ప్రతినిధి విశ్వాసం ఉన్నచోట విధేయత భక్తిగా కనిపిస్తుంది గాని, దాని అడుగున ఉన్నది చట్టం ఇవ్వని గుర్తింపు కోసం తపన.

6. ‘గబ్బిలం’: అర్జీగా ఒక కావ్యం:

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు తిరిగివద్దాం. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో తంజావూరు ప్రాంతపు అరుంధతీసుతుడు కాశీలోని శివునికి తన దుఃఖాన్ని గబ్బిలం ద్వారా పంపుతాడు. దేవాలయంలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఈ కావ్యాన్ని ధిక్కారకావ్యంగా, కరుణరసకావ్యంగా, సందేశకావ్యపు విలోమరూపంగా విమర్శకులు చదివారు. దీన్ని అర్జీగా కూడా చదవవచ్చునని నా ప్రతిపాదన.

అర్జీకి మూడు లక్షణాలుంటాయి. అది అధికారం ఉన్నవాడికే వెళుతుంది. ఆ అధికారి అంగీకరించే భాషలోనే ఉంటుంది. అర్జీదారు స్వయంగా లోనికి వెళ్ళలేడు కనుక ఒక మధ్యవర్తి కావాలి. ‘గబ్బిలం’లో ఈ మూడూ ఉన్నాయి. సమాజంలో చెల్లుబాటయ్యే దైవం శివుడు, చెల్లుబాటయ్యే భాష పద్యం, ప్రవేశం గల దూత గబ్బిలం. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి క్రీస్తుకు మొరపెట్టుకోవడం కష్టం కాదు. ఆయన తరువాత ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కాని క్రీస్తుకు పెట్టుకున్న మొర ప్రార్థన అవుతుంది, అర్జీ కాదు. అన్యాయం ఎవరి వ్యవస్థలో జరుగుతున్నదో వారి దేవుణ్ణే ప్రతివాదిగా నిలబెట్టడం జాషువ చేసిన పౌరచర్య.

ఇక్కడే నేటి ధ్రువపత్రానికీ కావ్యానికీ పోలికా, భేదమూ ఉన్నాయి. ‘హిందూ’ అని రాసిన విద్యార్థి కూడా వినే అధికారం భాషలోనే తన అర్జీ పెట్టుకున్నాడు. అంతవరకు పోలిక. జాషువ ఆ భాషను తీసుకుని దానిలోనే అధికారాన్ని నిందించాడు. విద్యార్థికి ఆ అవకాశం లేదు. అతడి పత్రంలో నింపవలసిన గడులు ఉంటాయి గాని, నిలదీసే పద్యానికి చోటు లేదు. పైగా జాషువ అసలు పేరుతోనే నిలబడ్డాడు. పురాణవిషయాలు రాసినందుకు క్రైస్తవుల నుంచి, పుట్టుక కారణంగా పండితుల నుంచి నిరసన ఎదుర్కొని కూడా పేరు మార్చుకోలేదు. 1964లో శాసనమండలి సభ్యుడయ్యేవరకు ఆయన పౌరజీవితం ఆ పేరుతోనే సాగింది. కవికి సాధ్యమైనది పౌరునికి సాధ్యం కాకపోవడం మన ప్రజాస్వామ్యం గురించి ఒక నిజం చెబుతుంది.

7. ‘నాలో నాతో వైఎస్సార్’: ప్రత్యయాల పరిశీలన:

వై.ఎస్. విజయమ్మ రాసిన ఈ పుస్తకం 2020 జూలై 8న ఇడుపులపాయలో విడుదలయింది. ఒక భార్య తన భర్తను జ్ఞాపకం చేసుకున్న రచన ఇది. దాన్ని ఆ పరిధిలోనే గౌరవించాలి. స్మృతిరచన నుంచి పాలనాసమీక్ష ఆశించడం ప్రక్రియాధర్మానికి విరుద్ధం. అయితే ఈ పుస్తకపు పేరు ఒక కుటుంబ జ్ఞాపకాన్ని దాటి ఒక ప్రాంతపు రాజకీయ మనస్తత్వానికి కూడా సరిపోతుంది కనుక విమర్శ ఆ పేరు దగ్గర ఆగవలసి ఉంది.

‘నాలో’, ‘నాతో’ అన్న రెండు రూపాల్లో ‘లో’ అంతరంగాన్ని, ‘తో’ సాహచర్యాన్ని తెలుపుతాయి. భార్యకు ఈ రెండు ప్రత్యయాలే చాలు. పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాల యువత కూడా నాయకుని గురించి ఇంచుమించు ఇవే ప్రత్యయాలతో మాట్లాడతారు: మాలో ఒకడు, మాతో ఉన్నాడు. విశ్వాసి దేవుని గురించి మాట్లాడే భాష కూడా ఇదే. దేవుడు నాలో ఉన్నాడు, నాతో ఉన్నాడు. పౌరసంబంధానికి కావలసిన ప్రత్యయం మరొకటి: ‘కు’. నాయకుడు నాకు జవాబుదారి, నాకు లెక్క చెప్పాలి. భార్య రాసిన జ్ఞాపకంలో ఈ ‘కు’ లేకపోవడం లోపం కాదు. ఓటరు మాటలో లేకపోవడం లోపమే.

ఆ అంతరంగభాషకు 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఒక పరీక్ష ఎదురయింది. కడప స్థానంలో అదే కుటుంబానికి చెందిన ఇద్దరు, అవినాశ్‌రెడ్డి, షర్మిల, ఎదురెదురుగా నిలిచారు. అవినాశ్‌రెడ్డి గెలిచారు, షర్మిల మూడవస్థానంలో నిలిచారు. ఫలితం ఎవరికి అనుకూలమన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ‘మాలో ఒకరు’ అన్న మాట ఇద్దరికీ సరిపోయినప్పుడు ఆ మాట ఒక్కటే ఎంపికకు ఆధారం కాలేదు. అభ్యర్థి ఎవరి బిడ్డ అన్న ప్రశ్నతో పాటు ఏం చేశారు, ఏం చేస్తారు అన్న ప్రశ్న కూడా రావలసివచ్చింది. వంశవిధేయతలోనే పౌరప్రశ్న మొలకెత్తే సందర్భం అది.

8. తిరుగుబాటు, తిరిగిరావడం:

ఆధునిక తెలుగుసాహిత్యం దళిత క్రైస్తవ యువతకు మరి రెండు రూపాలు ఇచ్చింది. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) రూతు జ్ఞాపకాల గుండా తరాల కథ చెబుతుంది. దేవుడు మారినా కులం వెంటనడిచి సంఘంలోకి వచ్చిన తీరును ఈ నవల నిర్దాక్షిణ్యంగా చూపింది. తరువాతి తరపు ఇమ్మానుయేలు, జెస్సీ విప్లవమార్గం పడతారు. బైబిలు పేర్లు గల యువకులు సాయుధపోరాటంలోకి వెళ్ళడం ద్వారా ఆ పేర్లకు చరిత్రలో ఒక కొత్త బరువు వచ్చింది. అయితే చర్చికీ అడవికీ మధ్య ఉన్న పంచాయతీ కార్యాలయం ఈ కథాగమనంలో పౌరజీవితపు కేంద్రంగా నిలవదు.

కడప యోగివేమన విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన ఎం.ఎం. వినోదిని లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని కుమార్తె కథగా తిరగరాశారు. విశ్వవిద్యాలయానికి వెళ్ళిన దళిత క్రైస్తవ యువతి అగ్రవర్ణ స్నేహితురాలి ఇంటి సంస్కృతికి ఆకర్షితురాలై, అవమానం పొంది, తన ఇంటి విలువ తెలుసుకుని తిరిగివస్తుంది. ఉపమానంలో తండ్రి క్షమిస్తాడు. ఈ కథలో కూతురు క్షమాపణ కంటే ఆత్మగౌరవాన్ని తిరిగి పొందుతుంది. దాచుకోవలసిన అవసరం లేని చోటు ఇల్లేనన్న గ్రహింపు దీని బలం. ఆ గౌరవంతో ఆమె ఇంటి నుంచి మళ్ళీ ఎక్కడికి వెళుతుందన్నది కథ తరువాతి కథ.

ఈ నాలుగు రచనల్లోనూ మనకు ఒక అర్జీదారు, ఒక జ్ఞాపకకర్త, విప్లవకారులు, ఇంటికి చేరిన కూతురు కనిపిస్తారు. గ్రామసభలో లేచి తన పేరుతో తాను మాట్లాడే పౌరుడు మాత్రం కనిపించడు. ఇది ఆ రచయితల లోపం కాదు. సమాజంలో ఆ పౌరునికి చోటు ఇరుకుగా ఉండడమే అందుకు కారణం. రాజకీయం, సాహిత్యం కలిసి నడవడం ఈ నేలకు కొత్త కాదు. ప్రొద్దుటూరు నుంచి 1983లో శాసనసభకు ఎన్నికైన ఎం.వి. రమణారెడ్డి రచయిత కూడా. పులివెందుల ప్రాంతపు పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి ‘సంవేదన’ ద్వారా విమర్శకు నిర్మొహమాటాన్ని నేర్పారు. ఆ నిర్మొహమాటం ఇంకా చేరవలసిన చోటు చర్చి వెనుకబల్ల.

9. ఒక అభ్యంతరం:

దళిత క్రైస్తవ యువత విధేయతను ఇలా చట్టానికి ముడిపెట్టడం వారి స్వతంత్రనిర్ణయాన్ని తక్కువ చేయడం కాదా అన్న ప్రశ్న రావచ్చు. సంక్షేమపథకాల వల్ల పొందిన మేలు, ఆరోగ్యశ్రీ వంటి పథకాల జ్ఞాపకం, మతమార్పిడి ఆరోపణల వాతావరణంలో భద్రత కోసం చూడడం కూడా వారి ఎంపికకు కారణాలే. ఇవి సహేతుకమైన కారణాలు. 2019లో ప్రారంభమైన వాలంటీరు వ్యవస్థలో సుమారు 50 ఇళ్ళకు ఒకరు చొప్పున నెలకు 5,000 రూపాయల గౌరవవేతనంతో పనిచేసిన యువతలో వీరూ ఉన్నారు. అదే కాలంలో పాస్టర్లకూ 5,000 రూపాయల గౌరవవేతనం వచ్చింది. ఇంటింటికీ తిరిగిన ఆ అనుభవాన్ని తక్కువచేయలేం. అయితే పింఛను అందించడం సేవ, పింఛను ఎవరికి ఎందుకు ఆగిందో సభలో అడగడం పౌరత్వం. మొదటిది వారికి ఇచ్చారు. రెండవది వారే తీసుకోవాలి. తీసుకోవాలంటే పేరు దాచుకోనవసరం లేని చట్టం కావాలి. వారు నిర్ణయించుకోలేరని ఈ వ్యాసం అనడం లేదు. నిర్ణయించుకున్నదాన్ని సొంతపేరుతో చెప్పుకోలేకపోతున్నారంటున్నది.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

- లండన్ మిషన్ సంప్రదాయం నుంచి వచ్చిన సంఘజీవితం కడప జిల్లా క్రైస్తవ యువతకు ఎన్నిక, లెక్క, చర్చ అనే పౌరవిద్యను ముందే ఇచ్చింది.
- వాగ్దానం, రాజ్యం, పౌరస్థితి వంటి పదాలు ఆరాధన నుంచి రాజకీయంలోకి ప్రవహించినప్పుడు ప్రశ్న తగ్గి నమ్మకం పెరిగింది. పౌలు వాడుకున్న ‘పౌరత్వం’ బోధనలో వెనుకబడింది.
- ఒకే సంఘంలో రెడ్డి క్రైస్తవునికి, దళిత క్రైస్తవునికి మతం వేర్వేరు పౌరఫలితాలనిస్తున్నది. దాచుకున్న పేరు నుంచే ‘ప్రతినిధి విశ్వాసం’ పుడుతున్నది.
- ‘గబ్బిలం’ను అర్జీగా చదివితే నేటి ధ్రువపత్రంతో దానికున్న సంబంధం స్పష్టమవుతుంది.
- పరిశీలించిన రచనల్లో స్థానికపాలనలో పాల్గొనే క్రైస్తవ యువత చిత్రణకు ఇంకా చోటు ఉంది. ఇది భావిపరిశోధకులకూ, రచయితలకూ ఒక క్షేత్రం.

శివునికెందుకు కబురు పంపాడని అడిగిన విద్యార్థికి ఇప్పుడు నేను చెప్పగలిగిన సమాధానం ఇది: వినవలసినవాడు అక్కడ ఉన్నాడు కనుక పంపాడు. కాని జాషువ పంపింది తన పేరుతోనే. ఆ విద్యార్థి కూడా తన పేరుతోనే దరఖాస్తు రాసుకోగలిగిన రోజు వచ్చేవరకు, అతడి ఓటును భక్తి అనో అమాయకత్వమనో తేల్చివేసే అర్హత చదువుకున్న మనకు లేదు.